బత్తా సంగతి

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే చాలవు, క్షమించాలి. నవంబరు 9, న్యాయ సేవల దినోత్సవం కాబట్టి ఉచిత న్యాయం గురించి మాట్లాడమన్నారు. ఉచితమా? కోర్టులో ముప్పై ఏళ్లు బెంచి క్లర్కుగా చేశాను. లాయరు ఫీజు ఉండకపోవచ్చు. కోర్టుకొచ్చిన రోజు కూలి మాత్రం పోతుంది.

మా కోర్టుకు ఒకామె వచ్చేది. పొదుపు సంఘం అప్పుతో ఆరు మేకలు కొనుక్కుంది. బాకీపడ్డ కూలి అడిగినందుకు ఒక రాత్రి ఇంటి మీద పడి కొట్టి, మేకల్ని తోలుకుపోయారు. మేకలు పోయాయి, కిస్తీ పోలేదు. స్టేషన్ చుట్టూ తిరగ్గా తిరగ్గా అట్రాసిటీ కేసు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను అడ్డుకునే చట్టం కింద కేసు, కట్టారు. ఇక ఆ తర్వాత మా వంతు. రెండు బస్సులు మారి వచ్చి, స్టీలు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చునేది. ఓసారి ముద్దాయి రాడు, ఓసారి వకీలు రాడు, ఓసారి జడ్జిగారికి సెలవు. సాయంత్రం వాయిదా తేదీ చెప్పేది నేనే. "ఇయ్యాల్టి కూలి ఎవరిస్తారయ్యా?" అని అడిగిందో రోజు. నవ్వేశాను.

అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు ముందే వాళ్లకు సాంఘిక బహిష్కరణ, అంటే పొలం పనులకు పిలవడం బంద్. పట్టుబట్టి అడిగితే ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. తీర్పుల జోలికి నేను పోను. కోర్టే ఊరికి వచ్చింది చూశారూ, నేను చెప్పేది దాని గురించి. సాక్షికి బస్సు చార్జీ లేదు, కూలి పోలేదు.

అన్ని ఊళ్లకూ కోర్టు రాదు, నిజమే. అందుకే 1995 నాటి అట్రాసిటీ నిబంధనల్లో 11వ రూలు పెట్టారు. బాధితులకూ సాక్షులకూ రానూపోనూ చార్జీలు, కనీస వేతనానికి తగ్గకుండా రోజు ఖర్చు, అంటే బత్తా, ఇవ్వాలి. అదీ వెంటనే, లేదంటే మూడు రోజుల్లోపు. ఆ పుస్తకం నా బీరువాలోనే ఉండేది. ఆమె అడిగిన రోజు కూడా ఉంది. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదనుకోండి, కానీ అడిగింది నన్ను కదా!

చివరికి బోనెక్కి "నాకేం తెలీదు" అంది. ఎదురు తిరిగిన సాక్షి అని రాశారు. ఆ సాయంత్రం ముద్దాయి ట్రాక్టరు మీదే ఊరికి వెళ్లింది. ఆ ఒక్క రోజే ఆమెకు బస్సు డబ్బులు మిగిలాయి.

టైమైందని చీటీ పంపారు, ఆపేస్తున్నా. వెనక బెంచీల్లో ఉన్న లా విద్యార్థులూ, లేవకండి. ఆ రూలు జెరాక్సులు నలభై తెచ్చాను, సంచి మెట్ల దగ్గరుంది. తలా ఒకటి తీసుకోండి. రేపు కోర్టుకు వెళ్తే వేపచెట్టు వైపు ఓసారి చూడండి.