కుర్రాళ్ల జట్టులో పెద్దదిక్కు: మైక్ కాన్లీ, 2024 ప్లేఆఫ్స్

వ్యాయామ ఉపాధ్యాయులకు, కోచ్‌లకు, ఈ శిబిరానికి వచ్చిన క్రీడాకారులందరికీ నమస్కారం.

బాస్కెట్‌బాల్‌లో గార్డ్ స్థానం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఒక ఓటమి. అమెరికా ఎన్‌బీఏ లీగ్ ప్లేఆఫ్స్ (మామూలు సీజన్ తరువాత మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ సిరీస్‌లు) రెండో సిరీస్ అయిదో ఆటలో, 2024 మే 14న డెన్వర్‌లో మినెసోటా టింబర్‌వుల్వ్స్ జట్టు డెన్వర్ నగెట్స్ చేతిలో 112-97 తేడాతో ఓడిపోయింది. మినెసోటాకు 36 ఏళ్ల పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించే ఆటగాడు) మైక్ కాన్లీ కాలి నొప్పి వల్ల ఆ రోజు బరిలోకి దిగలేదు. ఆ సీజన్‌లో ఆయన సగటు ఆటకు 11.4 పాయింట్లు మాత్రమే. ఆ మాత్రం పాయింట్లు చేసే ఆటగాడు ఒక్క రోజు లేకపోతే పశ్చిమ విభాగంలో మూడో స్థానంలో నిలిచిన జట్టు ఎందుకంత తడబడింది అన్న ప్రశ్న నన్ను చాలా కాలం వదల్లేదు. ఈ రోజు మీతో పంచుకోబోయేది ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానమే.

ముందుగా ఆ జట్టు సంగతి. 2024కు ముందు మినెసోటా చివరిసారిగా పశ్చిమ విభాగం ఫైనల్స్ ఆడింది 2004లో, కెవిన్ గార్నెట్ ఉన్న రోజుల్లో. ఆ తరువాత చాలా ఏళ్లు ప్లేఆఫ్స్ ముఖం చూడని ఆ జట్టుకు 2020 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపికగా ఆంథొనీ ఎడ్వర్డ్స్ వచ్చాడు. 2024 నాటికి అతడి వయసు 22. జేడెన్ మెక్‌డేనియల్స్‌కు 23, నాజ్ రీడ్‌కు 24, నికీల్ అలెగ్జాండర్-వాకర్‌కు 25. కార్ల్-ఆంథొనీ టౌన్స్, రూడీ గోబేర్ వయసులో పెద్దవాళ్లే అయినా, ఆటకు వేగమూ తెగువా ఈ కుర్రాళ్ల నుంచే వచ్చేవి. 2023-24లో వాళ్లు 56 ఆటలు గెలిచి 26 ఓడారు. లీగ్ మొత్తంలో వాళ్ల డిఫెన్స్ మొదటి స్థానంలో ఉండేది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఆ పొందిక ఎప్పుడూ ఉండేది కాదు, ముఖ్యంగా ఆట చివరి నిమిషాల్లో.

కాన్లీ ఆ జట్టులోకి 2023 ఫిబ్రవరిలో, మూడు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో భాగంగా వచ్చారు. మినెసోటా ఆయన కోసం డి'యాంజెలో రసెల్‌ను వదులుకుంది. రసెల్ వయసులో చిన్నవాడు, ఎక్కువ పాయింట్లు చేయగలిగినవాడు కూడా. అంకెలు చూసి బేరం అంచనా వేసేవాళ్లకు ఇది నష్టంగానే కనిపించి ఉంటుంది. అయితే కాన్లీ అప్పటికే యూటా జట్టులో గోబేర్‌తో మూడు సీజన్లు కలిసి ఆడి ఉన్నారు. ఆ అలవాటు విలువ ఎంతో తెలియాలంటే ఒక్క పిక్ అండ్ రోల్‌ను, అంటే ఒకడు డిఫెండర్‌కు అడ్డుగా నిలబడి (దీన్నే స్క్రీన్ అంటాం) వెంటనే రింగు వైపు కదిలే ఎత్తును, దగ్గరగా చూడాలి.

గోబేర్ ఏడడుగుల పైన ఎత్తున్న మనిషి. మోకాలి ఎత్తులో వచ్చిన బంతిని అందుకుని, డ్రిబుల్ చేసి, తిరిగి షాట్ కొట్టడం అతడి ఆటలో బలమైన భాగం కాదు. బంతి రింగు దగ్గర, పైన, సరైన క్షణంలో అందితే మాత్రం అతణ్ణి ఆపడం ఎవరికైనా కష్టం. కాన్లీ గోబేర్ పెట్టిన స్క్రీన్ పక్క నుంచి బయటికి వస్తారు. వచ్చాక వేగం పెంచరు, తగ్గిస్తారు. వెనక తరుముకొస్తున్న డిఫెండర్‌ను తన వీపుకు ఆనించుకుని, దారికి అడ్డం రానివ్వకుండా, రెండు చిన్న అడుగులు వేస్తారు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ప్రత్యర్థి జట్టులోని పొడగరి ఒక్కడే. అతడు కాన్లీ మీదికి వస్తే బంతి గోబేర్‌కు పైనుంచి లాబ్‌గా వెళుతుంది, గోబేర్‌తో ఉండిపోతే కాన్లీ కుడి చేత్తో ఫ్లోటర్, అంటే బంతిని ఎత్తుగా, మెల్లగా తేలేసే దగ్గరి షాట్, వేస్తారు. ఆయన దూరపు షాట్లు ఎడమ చేత్తో కొడతారు, ఫ్లోటర్ మాత్రం ఎక్కువగా కుడి చేత్తోనే. బంతి చేయి వదిలేదాకా లాబ్ ఏదో, ఫ్లోటర్ ఏదో డిఫెండర్‌కు తెలియదు, ఎందుకంటే రెండింటికీ చేయి లేచే తీరు ఒక్కటే. ఈ మొత్తం రెండు సెకన్లలో ముగుస్తుంది. ఇందులో కాళ్ల వేగం కన్నా, ఎదుటివాడు నిర్ణయం తీసుకునేదాకా తన నిర్ణయాన్ని అట్టిపెట్టుకోగల ఓపిక ఎక్కువగా పని చేస్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఓపిక దాదాపు ఎవరికీ ఉండదు.

ఇక ఎడ్వర్డ్స్ విషయం. బంతి తన చేతిలో ఉంటేనే అతడికి ఆట. అలాంటి ప్రతిభావంతుడి పక్కన ఆడే గార్డ్ తన చేతిలోని పగ్గాలు తానే అందించి, ఒక మూలకు వెళ్లి నిలబడగలగాలి. చెప్పినంత తేలిక కాదిది. కాన్లీ మెంఫిస్‌లో 12 సీజన్లు జట్టును నడిపిన మనిషి, అయినా సగటున 29 నిమిషాల ఆటలో చాలా భాగం బంతి లేకుండా గడపడానికి ఒప్పుకున్నారు. మూలన నిలబడి ఊరుకుంటే ఫలితం లేదు, ప్రత్యర్థి ఆయనను వదిలేసి ఎడ్వర్డ్స్ మీద ఇద్దరిని పెడతాడు. ఆ సీజన్‌లో కాన్లీ మూడు పాయింట్ల షాట్లలో 44.2 శాతం బుట్టలో వేశారు. అందువల్లే ఆయన మీద కాపలా ఉన్నవాడికి కదిలే ధైర్యం ఉండేది కాదు, ఎడ్వర్డ్స్‌కు దారి దొరికేది. మరొక లెక్క కూడా చూడండి: ఆటకు 5.9 అసిస్టులు, 1.3 టర్నోవర్లు. అంటే బంతిని ఒకసారి పోగొట్టుకునేలోపు నాలుగుకు పైగా బుట్టలు తోటివాళ్ల చేత వేయించారు. చిన్నవాళ్లు దూకుడుగా ఆడి తప్పులు చేసే జట్టులో, తప్పు చేయని ఒక జత చేతులు ఉండడం ఎంత ధైర్యమో కోచ్‌గా పని చేసిన వాళ్లందరికీ తెలుసు.

ప్లేఆఫ్స్‌లో ఈ అవసరం రెట్టింపు అవుతుంది. మామూలు సీజన్‌లో ఒక జట్టుతో ఆడి, మరునాడు ఇంకో ఊరికి వెళ్లిపోతాం. ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టుతో ఏడు ఆటల దాకా తలపడాలి. మూడో ఆట వచ్చేసరికి మన సైగలన్నీ ఎదుటివాళ్లకు కంఠతా వచ్చేస్తాయి, మనకు ఇష్టమైన మొదటి దారి మూసుకుపోతుంది. డెన్వర్ సిరీస్‌లో జరిగింది ఇదే. మినెసోటా డెన్వర్‌లోనే మొదటి రెండు ఆటలూ గెలిచింది, రెండోది 106-80 తేడాతో. ఆ తరువాత నగెట్స్ తేరుకుని మినెసోటా సొంత ఊళ్లో రెండు ఆటలు గెలిచారు. బంతి ఎడ్వర్డ్స్ చేతికి రాగానే అతడి మీదికి రెండో మనిషిని పంపడం మొదలుపెట్టారు. అయిదో ఆటలో కాన్లీ లేకపోవడంతో, ఆ ఒత్తిడి నుంచి బంతిని బయటికి తెచ్చి రెండో దారి వెతికే బాధ్యత కూడా ఎడ్వర్డ్స్ మీదే పడింది. అతడు 18 పాయింట్లకే పరిమితమయ్యాడు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి నగెట్స్ ఆటగాడు నికోలా యోకిచ్ ఒక్క టర్నోవర్ లేకుండా 40 పాయింట్లు, 13 అసిస్టులు చేశాడు. ఆ ఆట ముందు కాన్లీ ఉన్నా గెలిచేవారని నేను అనను. బంతిని కోర్టు సగం దాటించే పని దగ్గరి నుంచే మినెసోటా అలసిపోయినట్టు కనిపించింది అన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

రెండు రోజుల తరువాత ఆరో ఆటకు కాన్లీ తిరిగి వచ్చారు. మన దగ్గర అది మే 17 ఉదయం, పిల్లలు బడికి వెళ్లని వేసవి సెలవులు. మొదట్లో నగెట్స్ 9-2తో ముందుకు వెళ్లారు. ఆ తరువాత మినెసోటా వరుసగా 20 పాయింట్లు చేసింది, చివరికి 115-70తో గెలిచింది. ఎడ్వర్డ్స్ 27 పాయింట్లు చేశాడు. ఆ ఆటలో కాన్లీ చేసిన పనిలో ఎక్కువ భాగం స్కోరు పట్టికలో కనపడదు: ఎడ్వర్డ్స్ మీదికి ఇద్దరు రాకముందే బంతిని అవతలి పక్కకు మళ్లించడం, రెండు బుట్టలు వరుసగా పడ్డాయన్న ఉత్సాహంలో తొందరపడబోయిన తోటివాడిని అరచేయి కిందికి చూపి నెమ్మదింపజేయడం, ఇలాంటివి.

ఈ సందర్భంలో ఆ ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లో జరిగిన ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ఉండలేను. ఏప్రిల్ 28న ఫీనిక్స్‌లో నాలుగో ఆట చివరి భాగంలో, బంతితో సైడ్‌లైన్ వెంట వస్తున్న కాన్లీ, ఫీనిక్స్ ఆటగాడు డెవిన్ బుకర్ చేసిన ఫౌల్ వల్ల అదుపు తప్పి, గీత అవతల నిలబడి ఉన్న తన సొంత కోచ్ క్రిస్ ఫించ్ మోకాలి మీద పడ్డారు. ఫించ్ మోకాలి స్నాయువు తెగింది. మినెసోటా ఆ ఆట గెలిచి సిరీస్‌ను 4-0తో ముగించింది గానీ, డెన్వర్‌తో సిరీస్ మొదలయ్యే నాటికి శస్త్రచికిత్స చేయించుకున్న ఫించ్ బెంచీ వెనక వరుసలో కూర్చోవలసి వచ్చింది. సైడ్‌లైన్ దగ్గర ఆయన సహాయకుడు మైకా నోరీ నిలబడ్డారు. కోచ్ గొంతు వెనక వరుసకు వెళ్లిపోయినప్పుడు, గీత లోపల ఆ గొంతు స్థానంలో నిలబడగలిగిన మనిషి ఒకరు ఉండడం ఆ కుర్రాళ్లకు ఎంత ఆసరా అయి ఉంటుందో ఆలోచించండి.

ఇంతటి నిదానం కాన్లీకి పుట్టుకతో వచ్చిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆయన తండ్రి 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్ స్వర్ణ పతకం గెలిచిన మైక్ కాన్లీ సీనియర్, అంటే క్రమశిక్షణ ఇంట్లోనే ఉంది. అయితే 2007 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికగా మెంఫిస్ చేరినప్పుడు ఈయనా కుర్రవాడే. జాక్ రాండల్ఫ్, టోనీ అలెన్ వంటి పెద్దవాళ్ల మధ్య ఆడుతూ ఎదిగి, 2013లో వాళ్లతో కలిసి పశ్చిమ విభాగం ఫైనల్స్‌కు చేరి, అక్కడ శాన్ ఆంటోనియో చేతిలో 4-0తో ఓడిపోయారు. మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి ఆయనకు 11 ఏళ్లు పట్టింది. లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ ఆటకు తొలి పిలుపు 14వ సీజన్‌లో, 2021లో వచ్చింది, అదీ గాయపడిన బుకర్ స్థానంలో. తనకు దక్కవలసింది ఆలస్యమైనా చేదు పెంచుకోని మనిషి చెప్పే మాట చిన్నవాళ్లు వింటారు. 2023-24 సీజన్‌కు ఉత్తమ సహచరుడి పురస్కారం ఆయనకే వచ్చింది, ఆ ఎంపిక చేసేది ఆటగాళ్లే.

అనుభవానికి హద్దులున్నాయని కూడా చెప్పాలి. డల్లాస్‌తో జరిగిన 2024 పశ్చిమ విభాగం ఫైనల్స్‌లో మినెసోటా 4-1తో ఓడింది. మొదటి ఆట మూడు పాయింట్లతో, రెండోది ఒకే ఒక్క పాయింటుతో పోయాయి. రెండో ఆటలో చివరి క్షణాల్లో లూకా డాన్చిచ్ గోబేర్ మీదుగా కొట్టిన మూడు పాయింట్ల షాట్ ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. డాన్చిచ్, కైరీ అర్వింగ్ లాంటి ఇద్దరు గార్డ్‌లను ఒకే రాత్రి ఎదుర్కోవడం 36 ఏళ్ల కాళ్లకు మోయలేని బరువు. బుద్ధి ముందే చూసిన చోటికి కాలు అర క్షణం ఆలస్యంగా చేరుతుంది.

మన మైదానాల సంగతికి వస్తాను. చాలా ఏళ్లుగా పాఠశాల పిల్లలకు ఈ ఆట నేర్పుతున్న నేను కూడా గార్డ్‌ను ఎంచుకోవడంలో ఒకే పద్ధతి పాటించాను: పొట్టిగా ఉండి గట్టిగా పరిగెత్తేవాడికి బంతి ఇవ్వడం. సీనియర్ పిల్లవాడు వేగం తగ్గగానే బెంచీకి వెళ్లేవాడు. ఇప్పుడు అలా చేయడం లేదు. పదో తరగతి పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతి వాళ్ల మధ్య పెట్టి, ఒక క్వార్టర్ అంతా షాట్ కొట్టకుండా ఆడమంటున్నాను. మొదటి వారం వాడికి కోపం వచ్చింది. మూడో వారానికి ఎవరికి ఎక్కడ బంతి ఇష్టమో వాడే నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

తిరిగి డెన్వర్‌కు, మే 19 నాటి ఏడో ఆటకు వెళదాం. సగం ఆట ముగిసేసరికి మినెసోటా 15 పాయింట్లు వెనకబడింది, మూడో క్వార్టర్‌లో ఆ తేడా 20కి చేరింది. ఎడ్వర్డ్స్ ఆ రోజు 24 షాట్లు కొట్టి ఆరింటినే బుట్టలో వేయగలిగాడు. ఏడాది క్రితం అయితే అతడు మరో పది షాట్లకు తెగించేవాడేమో. ఆ రాత్రి మాత్రం ఇద్దరు మీదికి వచ్చిన ప్రతిసారీ బంతిని వదిలాడు. టౌన్స్, మెక్‌డేనియల్స్ చెరి 23 పాయింట్లు చేశారు, జట్టు 98-90తో గెలిచింది. బంతి వదలాల్సిన క్షణాన్ని గుర్తుపట్టే ఆ చూపులో కాన్లీతో గడిపిన పదిహేను నెలల పాలు ఉందని నా నమ్మకం.

ఇప్పుడు తెర మీద ఆరో ఆట మొదటి క్వార్టర్ వేస్తున్నాం. పన్నెండు నిమిషాల పాటు బంతిని వదిలేసి, పదో నంబరు చొక్కానే చూడండి. ఆయన చేతిలో బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడ్డారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి, ఆ కాగితాలతోనే మధ్యాహ్నం కోర్టులోకి దిగుదాం.