కిడ్నీలో గడ్డలు, బిడ్డకు ఫిట్స్: ఈ రెండూ ఒకే జబ్బు కావచ్చు

(తెర మీద: పలాస రోడ్డు, ఇరువైపులా జీడితోటలు)

ఉద్దానంలో స్కాన్ రిపోర్టులో కిడ్నీ అన్న మాట కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మన శ్రీకాకుళం జిల్లాలోని ఈ ప్రాంతంలో ఎంతోమందికి కిడ్నీలు మెల్లగా పాడైపోతున్నాయి, దాన్నే ఉద్దానం జబ్బు అంటాం. ఆ భయం ఊరికే రాలేదు. అయితే కిడ్నీకి వచ్చే ప్రతి కష్టమూ ఉద్దానం జబ్బు కాదు. ఇవాళ ట్యూబరస్ స్క్లెరోసిస్ గురించి చెప్తాను. సుమారు 6,000 మంది పిల్లల్లో ఒకరు దీనితో పుడతారు. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువుల్లో ఏ ఒక్కటి దెబ్బతిన్నా కణాల పెరుగుదలకు పగ్గాలుండవు. మెదడు, గుండె, కిడ్నీలు, చర్మం, అన్నిచోట్లా గడ్డలు లేస్తాయి. చాలావరకు క్యాన్సర్ కావు.

(తెర మీద: రెండు అల్ట్రాసౌండ్ బొమ్మలు)

ఎడమవైపుది ఏళ్ల తరబడి పాడైన కిడ్నీ, కుంచించుకుపోయింది. కుడివైపు కిడ్నీ నిండా తెల్లటి గడ్డలు చూడండి. వాటిలో కొవ్వు ఉంటుంది, అందుకే అలా మెరుస్తాయి. సీటీలో అదే కొవ్వు నల్లగా కనిపిస్తుంది. లోపలి రక్తనాళాలు బలహీనం. గడ్డ 4 సెంటీమీటర్లు దాటితే పగిలి రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. కొవ్వు తక్కువున్న గడ్డలు అల్ట్రాసౌండ్‌కు సరిగా దొరకవు. అందుకే ఏడాది నుంచి మూడేళ్లకోసారి ఎంఆర్‌ఐ తీయమంటారు. దానికి రేడియేషన్ భయం కూడా లేదు. పెరుగుతున్న గడ్డను తగ్గించడానికి ఎవరోలిమస్ అనే మందు ఉంది.

(తెర మీద: గర్భిణికి స్కానింగ్)

గుండెలో గడ్డలు కడుపులో ఉండగానే కనబడవచ్చు. తల్లులూ, బెంబేలు పడకండి. పుట్టాక చాలామందిలో అవి వాటంతటవే కరిగిపోతాయి. మెదడులోవి మాత్రం ఫిట్స్ తెప్పిస్తాయి, వాటికి ఎంఆర్‌ఐ తప్పదు. ఆడవాళ్లకు పెద్దయ్యాక ఊపిరితిత్తుల్లో పల్చటి గోడలున్న గాలిబుడగల్లాంటివి రావచ్చు. మామూలు ఎక్స్‌రేకి అందనివి సీటీలో తేలతాయి.

(తెర మీద: వేర్వేరు ఆసుపత్రుల ఫైళ్లు)

అసలు చిక్కు ఇక్కడే. ఫిట్స్‌కి ఒక డాక్టరు, కిడ్నీకి ఇంకొకరు, ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలకు మరొకరు. ఎవరి రిపోర్టు వాళ్లది, జబ్బు పేరు ఎవరికీ తట్టదు. స్కాన్ తీసే చోట మీరే చెప్పండి: “బాబుకి ఫిట్స్ ఉన్నాయండీ, పుట్టినప్పటి నుంచీ మచ్చలున్నాయి.” ఆ ఒక్క మాటతో రేడియాలజిస్టు చూసే చూపు మారుతుంది. విశాఖ కేజీహెచ్‌కి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా కాగితాలతో పాటు పాత ఫిల్ములు, సీడీలు కూడా పట్టుకెళ్లండి. గడ్డ ఎంత పెరిగిందో పాత బొమ్మ పక్కన పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.