కట్నం బాకీ, నోర్న్ మాటలు: షెట్లాండ్ యాస కథ

హోస్ట్: నమస్తే అండీ. ఈ ఎపిసోడ్‌లో స్కాట్లాండ్‌కి బాగా ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులకి వెళ్దాం. జనాభా సుమారు 23 వేలు. వాళ్లు మాట్లాడేది స్కాట్లాండ్‌లో వాడే, ఇంగ్లీష్‌కి దగ్గరి భాష స్కాట్సే, కానీ అందులో సగం మాటలు స్కాట్లాండ్ వాళ్లకే అర్థం కావట. భాషాశాస్త్రం చెప్పే మేడమ్ మనతో ఉన్నారు. ఏంటండీ ఈ కథ?

అతిథి: సగం అంటే కాస్త ఎక్కువే చెప్పినట్టు. కానీ తేడా మాత్రం గట్టిదే. అసలు కథ ఒక పెళ్లి దగ్గర మొదలైంది.

హోస్ట్: పెళ్లా?

అతిథి: అవును, కట్నం గొడవ. అప్పట్లో ఈ దీవులు డెన్మార్క్, నార్వేలని కలిపి ఏలే రాజు మొదటి క్రిస్టియన్‌ చేతిలో ఉండేవి. ఆయన కూతురు మార్గరెట్‌ని స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కి ఇస్తూ 60 వేల ఫ్లోరిన్లు కట్నం ఒప్పుకున్నాడు. 10 వేలు వెంటనే ఇవ్వాలి, మిగతా 50 వేలకి 1468లో షెట్లాండ్ పక్కనే ఉన్న ఆర్క్నీ దీవుల్ని తాకట్టు పెట్టాడు. తీరా ఆ 10 వేలల్లో సర్దగలిగింది రెండు వేలే. మిగిలిన 8 వేలకి 1469లో షెట్లాండ్‌ని కూడా తాకట్టు పెట్టేశాడు.

హోస్ట్: విడిపించుకోలేదా?

అతిథి: డేనిష్ రాజులు తర్వాత చాలాసార్లు అడిగారు. స్కాట్లాండ్ వైపు నుంచి దాటేస్తూ వచ్చారు. అంతే, దీవులు అటే ఉండిపోయాయి.

హోస్ట్: మరి అప్పటిదాకా వాళ్లు మాట్లాడింది?

అతిథి: నోర్న్. వైకింగులు తెచ్చిన పాత నార్స్ నుంచి పుట్టిన భాష. తాకట్టు తర్వాత స్కాట్లాండ్ నుంచి భూస్వాములు, పాస్టర్లు, వ్యాపారులు వచ్చారు. కోర్టు, చర్చి, కౌలు కాగితం అన్నీ స్కాట్స్‌లోకి మారాయి. నోర్న్ ఇంటికి పరిమితమై, ఆ తర్వాత ఇంట్లో కూడా తగ్గింది. 1774లో జార్జ్ లో అనే పాస్టర్ ఫూలా దీవికి వెళ్తే విలియం హెన్రీ అనే రైతు 35 పద్యాల పాట చెప్పాడు. ఆ పాస్టర్‌కి నోర్న్ రాదు, చెవికి వినపడింది వినపడ్డట్టు రాసుకున్నాడు. హెన్రీ కూడా కథ చెప్పగలిగాడు గానీ ఒక్కో పద్యానికీ అర్థం చెప్పలేకపోయాడు.

హోస్ట్: అంటే అప్పటికే చివరి దశ.

అతిథి: అవును. ఆఖరుగా నోర్న్ మాట్లాడింది అన్‌స్ట్ దీవిలోని వాల్టర్ సదర్లాండ్ అంటారు. 1850 ప్రాంతంలో చనిపోయాడు. నాకు ఈ ‘ఆఖరి మనిషి’ కథల మీద పెద్ద నమ్మకం లేదు. భాష ఒక మనిషితో ఒక్కసారిగా ఆగదు కదా. సదర్లాండ్ పోయిన 40 ఏళ్ల తర్వాత, 1893లో, ఫారో దీవుల నుంచి యాకోబ్ యాకోబ్‌సెన్ అనే పరిశోధకుడు వచ్చి, ఊరూరా తిరిగి నోర్న్ మూలం ఉన్న మాటలు సుమారు 10 వేలు సేకరించాడు.

హోస్ట్: చచ్చిపోయిన భాష నుంచి 10 వేలా!

అతిథి: చాలావాటిని ముసలివాళ్లే ఎరుగుదురు, అదీ సగం మరచిపోయి. కానీ అవి ఏ పనులకి సంబంధించిన మాటలో చూడండి. గొర్రెల రంగులు, వాతావరణం, పడవ భాగాలు, పక్షులు. గోధుమరంగు గొర్రె ‘మూరిట్’. ఆయిస్టర్‌క్యాచర్ పక్షి ‘షాల్డర్’. ఊళ్ల పేర్లు సరేసరి. రాజధాని లెర్విక్ అంటే బురద ఉన్న అఖాతం. కోర్టు మాటలు మాత్రం అంత మిగల్లేదు. భూస్వామికి గొర్రె లెక్క కావాలి గానీ, కాపరి ఆ గొర్రెని ఏమని పిలిస్తే ఆయనకేంటి?

హోస్ట్: సముద్రం మాటల గురించి ఏదో చెప్తానన్నారు.

అతిథి: అది నాకు ఇష్టమైన భాగం. ఆరు తెడ్ల తెరచాప పడవ, పేరు ‘సిక్సరీన్’. అందులో 30, 40 మైళ్ల దూరం సముద్రంలోకి వెళ్లి కాడ్, లింగ్ చేపలు పట్టేవాళ్లు. ఆ లోతు సముద్రాన్ని ‘హాఫ్’ అంటారు. మన ఇంగ్లీష్ హాఫ్ కాదు, నార్స్‌లో సముద్రం అనే మాట. 1881 జూలైలో ఒక్క తుఫానులో 10 పడవలు, 58 మంది పోయారు. గ్లూప్ ప్రమాదం అంటారు. అలాంటి పనిలో నోటి నుంచి ఏ మాట రావాలో ఎంత భయం ఉంటుందో ఆలోచించండి. పడవలో పాస్టర్ పేరెత్తితే అశుభం. అందుకని ఆయన్ని ‘అప్‌స్టాండర్’ అనేవాళ్లు, లేచి నిలబడేవాడు అని. చర్చి ‘బెనిహూస్’, ప్రార్థన ఇల్లు.

హోస్ట్: చర్చిలో ఆయన బయటి నుంచి వచ్చిన భాషలో బోధిస్తాడు, పడవలో ఆయనకే నార్స్ మారుపేరు!

అతిథి: అదీ సంగతి. అవి అంధవిశ్వాసం అని తీసేస్తారు గానీ, నోర్న్ మాటలు ఇంకో రెండు తరాలు బతకడానికి అదొక కారణం.

హోస్ట్: మాటలు సరే, వ్యాకరణంలో?

అతిథి: అక్కడ జాగ్రత్తగా ఉండాలి. ‘దిస్’, ‘దట్’ బదులు ‘డిస్’, ‘డాట్’ అనడం నోర్న్ ప్రభావమే అంటారు. ఇక మన నువ్వు, మీరు లాగా అక్కడ స్నేహితుడికి, పిల్లాడికి ‘డు’, పెద్దలకీ కొత్తవాళ్లకీ ‘యు’. దాన్నీ నార్స్ ఖాతాలో వేస్తారు గానీ, పాత స్కాట్స్‌లోనూ అలాంటి తేడా ఉండేది. ‘ఐ హావ్ సీన్’ బదులు ‘ఐ యామ్ సీన్’ అనడం గురించి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అన్నిటికీ వైకింగులే కారణం అనడం సులువు. జనవరి చివరి మంగళవారం లెర్విక్‌లో అప్ హెలీ ఆ పండగలో వైకింగ్ వేషాలేసి పడవ తగలబెడతారు కదా, అది కూడా ఈ రూపంలో 1880ల నుంచే వస్తోంది.

హోస్ట్: బయటివాళ్లతోనూ అలాగే మాట్లాడతారా?

అతిథి: లేదు, వెంటనే ఇంగ్లీష్‌లోకి మారతారు. దాన్ని ‘క్నాపిన్’ అంటారు, కాస్త వెటకారంగా. 1970లలో చమురు వచ్చాక సల్లమ్ వో అనే చమురు టెర్మినల్ కోసం బయటి నుంచి చాలామంది వచ్చారు. లెర్విక్ పిల్లల్లో యాస పలచబడింది. 2025లో స్కాటిష్ పార్లమెంట్ చట్టం చేసి స్కాట్స్‌కి అధికార హోదా ఇచ్చింది. కానీ మాది స్కాట్స్ యాస కాదు, వేరే భాషే అనేవాళ్లూ షెట్లాండ్‌లో ఉన్నారు.

హోస్ట్: మీరేమంటారు?

అతిథి: పేరు వాళ్లిష్టం. బడిలో ఆ మాటల్లో రాయనిస్తున్నారా లేదా అన్నదే నాకు ముఖ్యం. గట్టి యాస వినాలంటే మాత్రం లెర్విక్‌లో ఆగకండి, పడవెక్కి వాల్సే దీవికి వెళ్లండి. అక్కడ ఇప్పటికీ చేపల వేటే పెద్ద పని.