కొండదారి సైకిలుకు బట్టలు: కొనేటప్పుడు, ఉతికేటప్పుడు

అందరికీ నమస్కారం. ఇవాళ మౌంటెన్ బైకింగ్ బట్టల సంగతి, అందులోనూ సీటుకూ ఒంటికీ మధ్య ఉండే ప్యాడ్ షార్ట్స్ సంగతి ఎక్కువగా మాట్లాడుకుందాం. రెండు గంటలు తిరిగొచ్చాక తొడలు ఒరుసుకుపోయినా, సెగగడ్డ లేచినా తప్పు చాలావరకు అక్కడే ఉంటుంది.

ప్యాడ్ షార్ట్స్ లోపల డ్రాయర్ వేసుకోకూడదు. కొత్తవాళ్లు మొహమాటపడి వేసుకుంటారు. ప్యాడ్ నేరుగా ఒంటికి ఆనితేనే ఒరిపిడి తగ్గుతుంది. మధ్యలో డ్రాయర్ ఉంటే దాని కుట్లు తొడ మొదట్లో కోస్తాయి, చెమట ఆ కాటన్‌లోనే నిలిచిపోతుంది. కొనేటప్పుడు నిలబడి చూసుకుంటే చాలదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు నడుం వంచి, మోకాళ్లు మడిచి చూడండి. అప్పుడు ప్యాడ్ ముడత పడితే ఒక సైజు తగ్గించండి. నిలబడినప్పుడు కాస్త బిగుతుగా, ఎబ్బెట్టుగా ఉండటం మామూలే. ప్యాడ్ మందంగా ఉంటే మంచిదనుకోవద్దు, మెత్తటి స్పాంజి కాసేపటికే అణిగిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి.

దానిమీద వేసుకునే వదులు షార్ట్స్ కాళ్ల మధ్య నాలుగు కుట్లూ ఒకేచోట కలిసి ఉంటే తీసుకోవద్దు. అక్కడ విడిగా ఒక గుడ్డముక్క వేసి కుట్టి ఉండాలి. గుడ్డ వేలాడుతుంటే మరీ ప్రమాదం: దిగుడులో ఒంటిని సీటు వెనక్కి జరిపినప్పుడు అది సీటు ముక్కుకు తగులుకుంటుంది, మళ్లీ ముందుకు రాలేక పడిపోతారు. పొడవు మోకాలిచిప్ప దాకా ఉండాలి. అంతకన్నా పొట్టిదైతే కూర్చున్నప్పుడు ఇంకా పైకి పోతుంది, మోకాలి గార్డుకూ దానికీ మధ్య మిగిలిన తొడ తుమ్మముళ్లకు దొరుకుతుంది.

చొక్కా కాటన్‌ది వద్దు. ఎక్కేటప్పుడు తడిసిన కాటన్ దిగేటప్పుడు గాలికి వీపుమీద చల్లగా అంటుకుంటుంది. పలచటి పాలిస్టర్ చాలు. రెయిన్ జాకెట్ మీద 10,000 మి.మీ. అని (బయటి నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె) రాసి ఉన్నా, మన వానాకాలపు ఉక్కలో లోపలి చెమటకే తడుస్తారు. చంకల కింద జిప్పులు ఉన్నది చూసుకోండి.

ఇక ఉతకడం. రైడ్ నుంచి రాగానే ప్యాడ్ షార్ట్స్ విప్పేయండి, సంచిలో కుక్కి మర్నాటిదాకా ఉంచొద్దు. తిరగేసి, ప్యాడ్ బయటికి ఉండేలా మామూలు నీళ్లలో జాడించండి. తర్వాత సగం బకెట్ నీళ్లకు రెండు చెంచాల లిక్విడ్ కలిపి పది నిమిషాలు నానబెట్టండి. బోరు నీళ్లలో పౌడరు సరిగ్గా కరగదు, సబ్బు తెట్టు ప్యాడ్‌లోనే ఉండిపోయి తర్వాతి రైడ్‌లో దురద పెడుతుంది. నురగ రావడం ఆగేదాకా జాడించాల్సిందే. ప్యాడ్‌ని మెలిపెట్టి పిండొద్దు, అరచేతుల మధ్య అదమండి. మెలిపెడితే స్పాంజి అతుకు ఊడి ఉండ కడుతుంది.

ఆఖర్న వాసనకోసం పోసే సాఫ్ట్‌నర్ ఈ బట్టలకు పనికిరాదు. దారాలమీద జిడ్డుపొర కట్టి, చెమట పీల్చకుండా చేస్తుంది. చొక్కామీద ఒక్క నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పరుచుకుంటే గుడ్డ బాగున్నట్టు, ముత్యంలా నిలిస్తే పొర కట్టినట్టు.

అనంతగిరి లాంటి చోట్ల ఎర్రమట్టి అంటితే తడిమీద రుద్దొద్దు, మట్టి దారాల్లోకి దిగిపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, అప్పుడు నానబెట్టండి. బ్లీచ్ అసలు వద్దు. ఆ ఎరుపు ఇనుముది, బ్లీచ్‌తో మరక ఇంకా గట్టిపడుతుంది, పైగా సాగే దారాలు తినేస్తుంది. గార్డుల, గ్లవ్స్ వెల్క్రో మూసి వేయకపోతే చొక్కా దారాలు లాగేస్తుంది.

అన్నీ నీడలోనే ఆరేయండి. షార్ట్స్ మాత్రం ప్యాడ్ పైకి పెట్టి, వేలితో తాకితే లోపల కూడా చల్లగా తగలనంతవరకు ఉంచండి. కొన్నాళ్లకు తొడ పట్టీని సాగదీసి చూస్తే తెల్లటి సన్నటి దారపు మొనలు పైకి లేచి కనిపిస్తాయి. ఎలాస్టిక్ తెగుతోందన్నమాట. ప్యాడ్ ఎంత బాగున్నా ఆ షార్ట్స్ ఇక ఒంటిమీద జరుగుతూ ఒరుస్తుంది, రైడ్‌కు వేసుకోవద్దు.