పదో రోజున రావలసిన చలి

(ప్రపంచ వాతావరణ దినోత్సవం నాడు శ్రీకాకుళంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరుసలోని పెన్షనరు మిత్రులకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకి నమస్కారం. బాబూ, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ముందుకి రండి. నన్ను పరిచయం చేసిన మాస్టారు వాతావరణ శాస్త్రవేత్త అనేశారు. కాదండీ. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని. పొద్దున లేవగానే థర్మామీటరు చూస్తాను, రాత్రి పడుకునే ముందు మబ్బు చూస్తాను. అంతకుమించి అర్హతలేం లేవు. శాలువా కప్పారు, సంతోషం. మార్చి 23న శ్రీకాకుళంలో శాలువా కప్పించుకోవడం సామాన్యమైన పని కాదు. అయినా ఈ యేడు దీన్ని డిసెంబరులో కప్పినా ఇంతే ఉక్కపోసేది.

1950లో ఇదే తారీఖున ప్రపంచ వాతావరణ సంస్థ ఒడంబడిక అమల్లోకి వచ్చింది. అందుకని ఏటా ఈ రోజున మనం ఇలా కలుస్తున్నాం. నాకిచ్చిన విషయం "మారుతున్న వాతావరణం, మన బాధ్యత". నాలుగు పేజీలు రాసుకొచ్చాను, జేబులో ఉన్నాయి. చదువుతాను. ముందు ఈ చలికాలం సంగతి ఒకటి తేల్చుకుందాం.

మన జిల్లాలో వాతావరణం పిచ్చివాళ్లు రెండు రకాలు. వానకోసం చచ్చిపోయేవాళ్లు ఒక రకం, చలికోసం చచ్చిపోయేవాళ్లు ఒక రకం. నేను రెండోరకం. సంక్రాంతికి చంకలెత్తనీయని చలి అన్నారు పెద్దలు. ఈ సంక్రాంతికి మా వీధిలో భోగిమంట వేస్తే ఒక్కరూ చేతులు కాచుకోలేదు. ఫొటోలు దిగి దూరంగా జరిగారు. మా పాలబ్బాయైతే నన్ను నిలేశాడు: "ఏటి మాస్టారూ, ఈ యేడు సలి ఏటైపోనాది?" ఆ చలిని నేనే బీరువాలో పెట్టి తాళం వేసినట్టు.

నవంబరు నుంచీ మా చలి పిచ్చివాళ్ల వాట్సాప్ గ్రూపు అవస్థ చెప్పాలి. అమెరికా వాళ్ల మోడల్, అంటే రాబోయే వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే ప్రోగ్రాము, రోజుకి నాలుగుసార్లు కొత్త లెక్క ఇస్తుంది. మన టైములో పొద్దున అయిదున్నరకి తీసిన కొలతలతో చేసిన లెక్క తొమ్మిది దాటాక బయటికొస్తుంది. సాయంత్రం అయిదున్నరది రాత్రి తొమ్మిది దాటాక. యూరప్ వాళ్లది ఇంకా ఆలస్యం. ఇంట్లో అన్నం చల్లారిపోతుంటే వీళ్లు ఫోను పట్టుకుని కూర్చుంటారు. "పద్నాలుగో తారీఖున పన్నెండు డిగ్రీలు!" అని ఒకడు పెడతాడు. పద్నాలుగు వస్తుంది, చూస్తే పద్దెనిమిది. ఈలోపల ఆ పన్నెండు ఇరవై నాలుగో తారీఖుకి జరిగిపోయి ఉంటుంది. ఈ యేడంతా చలి మనకి సరిగ్గా పది రోజుల దూరంలోనే ఉంది. నాలుగు లెక్కల్లో మూడు మామూలు చలి చూపించి ఒకటి గట్టి చలి చూపిస్తే, గ్రూపులో తిరిగేది ఆ ఒక్కటే. చలి కావాలన్న కోరిక ఉన్నవాడికి కంటికి ఆనేది అదే కదా.

పదో రోజు సంగతి ఎందుకు నమ్మకూడదో 1961లోనే తేలిపోయింది. అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే ఆయన కంప్యూటర్లో వాతావరణం లెక్క ఒకటి మళ్లీ నడిపిస్తూ, 0.506127 అనే సంఖ్యకి బదులు 0.506 అని కుదించి వేశాడు. కాసేపు రెండు లెక్కలూ కలిసి నడిచాయి. తరవాత ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. అందుకే ఇప్పుడు యూరప్ వాతావరణ కేంద్రం మొదటి కొలతల్ని రవ్వంత రవ్వంత మార్చి ఒకే లెక్కని 51 సార్లు కడుతుంది. యాభై ఒకటీ ఒకే దారిన పోతే నమ్మకం, చెల్లాచెదురైపోతే అనుమానం. మీ ఫోనులో మాత్రం అదంతా ఏదీ? ఒక బొమ్మ, ఒక అంకె. పన్నెండు డిగ్రీలు. ఖాయం.

అసలు మనకి చలి ఎలా వస్తుంది? ఆకాశం తేటగా ఉండాలి, గాలి పొడిగా ఉండాలి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా కొండల మీంచి వాయవ్యపు గాలి దిగాలి. రాత్రంతా నేల తన వేడిని పైకి వదిలేస్తుంది, తెల్లవారుజాముకి చల్లబడుతుంది. బంగాళాఖాతంలో ఎక్కడో, తమిళనాడు దగ్గరైనా సరే, అల్పపీడనం ఒకటి కూర్చుందనుకోండి, తూర్పుగాలి తేమని మోసుకొస్తుంది. మబ్బు పడుతుంది. నేల వదిలిన వేడిలో చాలా భాగాన్ని ఆ మబ్బు పట్టి మళ్లీ కిందికే పంపుతుంది. ఇక చలెక్కడిది? పైగా మనది సముద్రపు ఒడ్డు. పది డిగ్రీలకి దిగడం బహు అరుదు. అందుకే తీరంలోని కేంద్రాలకి చలిగాలుల లెక్క చూసేటప్పుడు వాతావరణశాఖ 15 డిగ్రీల గీత పెట్టుకుంది. పేపర్లో మన జిల్లా పేరు పక్కన కనిపించే ఉష్ణోగ్రత చాలాసార్లు కళింగపట్నం కేంద్రానిది. అది అలల పక్కన ఉంది. సీతంపేట కొండల్లో మనిషి వణుకుతున్న రోజున కూడా ఆ అంకె చూసి మనం పెదవి విరుస్తాం.

చలి రాకపోతే మాస్టారికొచ్చిన నష్టమేంటని మీరు అడగొచ్చు. నాకేం లేదు, స్వెట్టరు మడత విప్పలేదు, అంతే. మామిడికి ఉంది. రాత్రుళ్లు చల్లబడకపోతే కొమ్మలకి పూతకి బదులు చిగురొస్తుంది. జీడికి ఉంది. పూత మీద మబ్బు పట్టిందంటే తేయాకు దోమ అనే పురుగు పండగ చేసుకుంటుంది. వరి కోతకి ముందే మాగాణిలో చల్లిన మినుము, పెసర ఉన్నాయి చూడండి, వాటికి తడి పెట్టేవాడు లేడు. మట్టిలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు, వాటి బతుకు అదే. తేటగా ఉండే చల్లటి రాత్రి వాటికి తిండి.

ఇక్కడ అరసవల్లి మాట ఒకటి చెప్పాలి. రెండు వారాల కిందటే మీరంతా వెళ్లుంటారు. మార్చి 9, 10 తారీఖుల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తారీఖుల్లో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని చీకటితో క్యూ కడతాం. ఆ రోజున సూర్యుడు ఏ కోణంలో లేస్తాడో వందేళ్ల ముందే కట్టి చెప్పొచ్చు, నిమిషం తేడా రాదు. గుడి కట్టినవాళ్లకి తెలిసిన లెక్కే అది. అయినా ఎన్ని సంవత్సరాలు తూర్పున మబ్బు అడ్డమొచ్చి జనం ఉసూరుమంటూ వెనక్కి రాలేదు! సూర్యుణ్ని వందేళ్ల ముందు చెప్పగలం, మబ్బుని రేపటికి చెప్పలేం. ఈ రెండూ ఒకే ఆకాశంలో ఉన్నాయి. వాతావరణం గురించి నేను బడిలో చెప్పిన పాఠాలన్నిటికంటే అరసవల్లి క్యూలో నిలబడితే బాగా తెలుస్తుంది. కాబట్టి అంచనా తప్పిందని నేను ఎవరినీ తిట్టను. నా బాధ వేరే.

మా అప్ప మొగుడు, మా బావ, సోంపేట వైపు రైతు. ఊరిపేరు వద్దు. డిసెంబరులో వరి కోసి, పనలు పొలంలోనే ఆరబెట్టాడు. రాత్రి ఫోను చూశాడు. మర్నాడు ఎండ, ఎల్లుండి ఎండ. పసుపుపచ్చ సూర్యుడి బొమ్మలు రెండు. సరే, కుప్ప వెయ్యడానికి కూలీలు దొరకడం లేదు, ఇంకో రోజు ఉంచుదాం అనుకున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున మొదలైంది వాన. పనలన్నీ నానిపోయాయి. నేను వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఫోను చూపించాడు. ఆ రోజు తారీఖు మీద మబ్బు బొమ్మ, మూడు చినుకులు. "నిన్న ఎండే ఉంది బావా. నా కళ్లతో నాను సూసినాను. ఇదేటి, తెల్లారీసరికి మారిపోనాది?" మా అప్ప అందుకుంది, "కళ్లద్దాలు మార్సుకోమంటే ఇనడు." ఊళ్లో ఇంకొకడు, "సదువుకున్నోడివి, వానుందో లేదో సూసుకోవద్దా?"

గమనించారా? పంట పోయింది, పైగా తప్పు కూడా ఆయనదే అయిపోయింది. గింజ మొలకెత్తింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం వద్దంటుంది. ఆ గింజ ఎవడికి కావాలి? అంతా అయ్యాక, ఎండ అని నాకు చెప్పారు అని చూపించడానికి మా బావ చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ అంచనాని ఎవరో తుడిచేశారు. తప్పు జరిగినట్టే ఎక్కడా లేదు. ఫోనులో చూసుకుంటే ఎప్పుడూ వాళ్లదే ఒప్పు, ఎందుకంటే వాన పడుతున్నప్పుడు వాన బొమ్మ పెడతారు. పడుతున్న వానకి బొమ్మ నేనూ పెట్టగలను!

ఏ కంపెనీ యాప్ అన్నది అనవసరం. ఏది తీసుకున్నా ఇంతే. నిన్నటి మాట ఇవాళ దొరకదు. ప్రభుత్వ వాతావరణశాఖ బులెటిన్ ఉంది చూశారూ, దానిమీద తారీఖుంటుంది, టైముంటుంది. ఫలానా రోజు ఇలా చెప్పావు, ఇలా జరిగింది అని నిలదీయొచ్చు. తుపానుల విషయంలో వాళ్లని వాళ్లే నిలదీసుకుంటారు. ఏ తుపాను జాడ 24 గంటల ముందు ఎన్ని కిలోమీటర్లు తప్పాం, 48 గంటల ముందు ఎన్ని తప్పాం అని ఏటా లెక్కగట్టి అచ్చేస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఏమయ్యాయో ఈ హాల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. 2021 డిసెంబరులో జవాద్ అన్నారు. బడులకి సెలవులిచ్చారు, రైళ్లు ఆపారు, జనాన్ని తరలించారు. అది సముద్రంలోనే నీరసించిపోయింది. అప్పుడు నవ్వినవాళ్లున్నారు. నేను నవ్వలేదు. చెప్పిన మాటా ఉంది, జరిగిన మాటా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుంది. అలా చూసుకున్నారు కాబట్టే తుపాను అంచనాలు మన చిన్నప్పటికంటే ఇంత మెరుగయ్యాయి. మా బావ వానకి ఆ మర్యాద ఎందుకు లేదు?

లెక్క రాయడంలోనూ కిటుకుంది. 1884లో అమెరికాలో ఫిన్లీ అనే ఆయన సుడిగాలుల మీద అంచనాలు చెప్పి, నూటికి 96.6 పాళ్లు ఒప్పాయన్నాడు. గిల్బర్ట్ అనే ఇంకో ఆయన లేచి, నువ్వు రోజూ "సుడిగాలి రాదు" అని కళ్లు మూసుకుని చెప్పుంటే 98.2 పాళ్లు ఒప్పేవి కదయ్యా అన్నాడు. ఏప్రిల్లో శ్రీకాకుళంలో కూర్చుని రోజూ వాన పడదు అని చెప్పేవాడికి కూడా ఇలాగే మంచి మార్కులొస్తాయి. కాబట్టి ఒక యాప్ ఎంత గొప్పదో చూడాలంటే, నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది అని చెప్పే మా పాలబ్బాయికంటే అది ఎంత మెరుగో చూడండి. ఈ చలికాలంలో పదిరోజుల ముందు మాటల్లో చాలావాటిని మా పాలబ్బాయే గెలిచేవాడు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిదు నిమిషాలట. ఆ నాలుగు పేజీలు చదవడం అయ్యే పని కాదు, జిరాక్సు తీయించి పంచుతాను.

ఒక్కమాట. ఇలాంటి పని మన ప్రాంతానికి కొత్త కాదు. పక్కన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో తన సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టించాడు. భారత వాతావరణశాఖ పుట్టింది 1875లో. అంటే 35 ఏళ్ల ముందు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. నక్షత్రాలతోపాటు గాలి, వాన, వేడి రాసిపెట్టారు. వాళ్లని రాయమని ఎవరూ జీవో ఇవ్వలేదు. మనకి ఇప్పుడు జమీందారీ అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు.

ఏం రాయాలంటారా? పొద్దున ఎనిమిదిన్నరకి గడిచిన రాత్రి కనిష్ఠం ఎంతో రాయండి, వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. దేశమంతా వాన కొలిచే టైము అదే. రాత్రి తొమ్మిదింటికి ఫోను తెరిచి, రేపటికి ఏమన్నారు, అయిదో రోజుకి ఏమన్నారు, స్క్రీన్‌షాట్ తీసి తారీఖుతో దాచండి. నెలాఖరున రెండూ పక్కన పెట్టండి. వచ్చే డిసెంబరులో ఎవరైనా రైతు పనల దగ్గర కూర్చుని "నిన్న ఎండే ఉంది" అంటే, "అవును, ఉంది, ఇదిగో" అని చూపించేవాడు ఊరికొకడుండాలి. ఆయన్ని అద్దాలు మార్చుకోమనే నోరు మూతపడాలి. నష్టపరిహారం వస్తుందా, రాదా, అది తరవాత తగువు.

మందస వాళ్లెవరైనా ఉన్నారా? మీరు తప్పకుండా రాయాలండీ. మీకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క 1500 మీటర్ల మహేంద్రగిరి. కిలోమీటరు పైకెళ్తే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది మామూలుగా. మోడల్ నేలని గళ్లుగా కోసి గడికొక అంకె ఇస్తుంది. ఆ గడి పది, పన్నెండు కిలోమీటర్లుంటుంది. ఇసుకనీ కొండవాలునీ కలగలిపి సగటు తీసి మీ ఊరి పేరు పెట్టేస్తారు. మన దేశం 2025లో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడిని ఆరు కిలోమీటర్లకి తెచ్చింది. మంచిదే. ఆ ఆరు కిలోమీటర్లలోనూ మీ పొలం ఎక్కడుందో దానికి తెలీదు.

సరే, చేతులెత్తండి. కళింగపట్నం వైపు ఒకరు... ఉన్నారు. ఇచ్ఛాపురం? ఇద్దరా, సంతోషం, ఇద్దరూ రాయండి, తేడా వస్తే ఇంకా మంచిది. సీతంపేట? ఎవరూ లేరా? ఆ మూడో వరుసలో టీచరమ్మగారూ, మీరు పాలకొండ నుంచి వచ్చారు కదూ? దగ్గరే. మీ పేరు రాసుకుంటున్నాను. పిల్లల చేత రాయించండి, వాళ్లు మనకంటే నిజం రాస్తారు. థర్మామీటర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి, వెళ్లేటప్పుడు అడిగి తీసుకోండి. ఎండ తగలని చోట, గాలి ఆడే చోట, నేలకి నాలుగడుగుల ఎత్తున కట్టండి. వంటింటి గోడకి మాత్రం తగిలించకండి. పోయినసారి ఇచ్చినవాళ్లలో ఒకాయన అక్కడే తగిలించి, జనవరిలో ముప్ఫయ్యారు డిగ్రీలని నాకు ఫోను చేశాడు.