బావి ఊరిది, బిందె ఎవరిది?

[స్క్రీన్ మీద: పొట్టి జుట్టు, మెడలో స్కార్ఫ్, నుదుటి మీదికి ఎత్తిన గాగుల్స్‌తో ఒక అమ్మాయి బొమ్మ]

ఈ అమ్మాయి పేరు జెన్నీ ఎవ్రీవేర్. ఈమె గురించి ఎవరికి చెప్పినా చివరికి ఒకటే ప్రశ్న. "ఓపెన్ సోర్స్ క్యారెక్టర్ అంటావు, మళ్లీ ఆమె మీద గీసిన కామిక్ ఒకటి ఇంటర్నెట్‌లోంచి సగం పోయిందంటావు. ఓపెన్ సోర్స్ అయితే ఎలా పోతుంది?" మొదటిసారి ఓపిగ్గానే చెప్పాను. నాలుగోసారికి ఓపిక అయిపోయింది, కెమెరా ఆన్ చేశాను.

2002లో స్టీవెన్ విన్టిల్ అనే ఆయనా, ఇంటర్నెట్‌లో పరిచయమైన కొందరు కామిక్స్ అభిమానులూ తలో చెయ్యి వేసి జెన్నీని తయారుచేశారు. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరికీ డబ్బు కట్టకుండా, ఎవరైనా బొమ్మ గీసుకోగల హీరోయిన్. షరతు ఒక్కటే. జెన్నీ ఉన్న కథ ఎక్కడ వేసినా పక్కన ఒక చిన్న పేరా వేయాలి: ఈ పాత్రను ఎవరైనా వాడుకోవచ్చు, కాకపోతే ఈ పేరా కూడా వెంట ఉండాలి, తర్వాత వచ్చేవాళ్లూ వాడుకునేలా. చివర్లో ‘ఆల్ రైట్స్ రివర్స్‌డ్’ అని ఉంటుంది. నేను తప్పు పలకలేదు. రిజర్వ్‌డ్ కాదు, రివర్స్‌డే.

దీన్ని ఊరుమ్మడి బావి అనుకోండి. ఎవరైనా వచ్చి నీళ్లు తోడుకోవచ్చు. కానీ చేద మాత్రం ఇంటికి పట్టుకుపోకూడదు, గట్టు మీదే పెట్టి వెళ్లాలి. ఆ పేరానే చేద. అది లేకపోతే తర్వాత వచ్చినవాడికి బావి కనిపిస్తుంది గానీ నీళ్లు అందవు. ఇంత చిన్న ఏర్పాటుతో ఇరవై ఏళ్లకు పైగా ఒక పాత్ర నడుస్తోందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంకో ముచ్చట. జెన్నీ ఒకేసారి అన్ని లోకాల్లోనూ ఉంటుంది, ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి మారిపోగలదు. వినడానికి మామూలు ఫ్యాంటసీలా ఉంది కదా? కానీ పదిమంది పది రకాలుగా రాసే పాత్రకు ఇంతకన్నా తెలివైన శక్తి ఉండదు. నా కథలో జెన్నీ డిటెక్టివ్, మీ కథలో ఓడదొంగ, ఇంకొకరి కథలో చచ్చిపోయింది. ముగ్గురం కరెక్టే, వేరే లోకం అంతే! పెద్ద కంపెనీల కామిక్స్‌లో ఏ కథ ‘అసలు’ కథ అని అభిమానులు కొట్టుకుంటుంటారు. ఇక్కడ ఆ గొడవ పుట్టే చోటే లేదు.

సరే, అసలు విషయం. ఆ పేరా ఊరికి రాసిచ్చింది జెన్నీ అనే పాత్రను. ఆ పాత్రతో మీరు గీసిన కామిక్‌ను కాదు. బావి ఊరిది. మీరు నీళ్లు పట్టుకెళ్లిన బిందె మీదే. ఆ బిందె పగిలితే ఊళ్లోవాళ్లెవరూ ఆ నీళ్లు తెచ్చివ్వలేరు. బావికెళ్లి వేరే నీళ్లు తెచ్చుకోవచ్చు, అవి ఆ నీళ్లు కావు. పాత్ర బతికే ఉంటుంది, కామిక్ పోతుంది. అందరూ కలిపేసేది ఈ రెండింటినే.

మరి ‘సగం’ పోవడమేమిటి? పోతే మొత్తం పోవాలి కదా? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు ఎవరో గీసుకున్న జెన్నీ కామిక్, మొత్తం పన్నెండు పేజీలు. సైట్ ఎప్పుడో పోయింది. పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో అడ్రస్ కొడితే తెరుచుకుంటుంది, ప్రాణం లేచొస్తుంది. ఏడో పేజీలో జెన్నీ ఒక తలుపు మీద చెయ్యి వేసింది. ‘నెక్స్ట్’ నొక్కుతాం. పైన టైటిల్ ఉంది, తేదీ ఉంది, కింద జెన్నీ పేరా కూడా భద్రంగా ఉంది. మధ్యలో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చట్రం, మూలన చిరిగిన కాగితంలాంటి చిన్న గుర్తు. మళ్లీ నెక్స్ట్. తొమ్మిదో పేజీలో జెన్నీ నిలువెల్లా తడిసి ఉంది, మెడలో స్కార్ఫ్ లేదు.

[ఖాళీ చట్రాన్ని రెండు సెకన్లు స్క్రీన్ మీద ఉంచాలి]

ఎందుకిలా? వెబ్ పేజీ ఒక ఫైలు, అందులో కనిపించే బొమ్మ వేరే ఫైలు. చాలాసార్లు అది వేరే సర్వర్‌లో ఉంటుంది. ఆర్కైవ్ ప్రోగ్రామ్ వచ్చినప్పుడు పేజీ దొరికి, బొమ్మ దొరక్కపోవచ్చు. బిందె పగిలింది, మెడ భాగం మాత్రం చేతిలో మిగిలింది. ఇంకా చిరాకేమిటంటే, గట్టు మీద చేద చెక్కుచెదరకుండా ఉంది!

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఉచితంగా చోటిచ్చిన సైట్లు మూతపడటం ఇంకో కారణం. జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్ల బృందం చాలా పేజీలు కాపాడింది గానీ అన్నీ దొరకలేదు. ఫ్లాష్ అని, బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు చూపించే అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండేది. అందులో చేసినవైతే 2020 డిసెంబరు 31తో అడోబీ సపోర్ట్ ఆగిపోయింది. ఫైలు ఉన్నా బ్రౌజర్ తెరవదు. ఫ్లాష్ చేసే పనిని అనుకరించే రఫుల్ లాంటి ప్రోగ్రాములతో (ఎమ్యులేటర్లంటారు) కొన్ని మళ్లీ ఆడుతున్నాయి.

ఎవరి పాత హార్డ్ డిస్క్‌లోనో ఎనిమిదో పేజీ ఉందనుకోండి. దాన్ని మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టే హక్కు గీసిన మనిషిదే. మన దేశంలో కాపీరైట్ మామూలుగా రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కలం పేరుతో గీసి మాయమైన మనిషిని ఎక్కడని వెతుకుతాం? అందుకే ఫైలు ఉన్నవాళ్లు కూడా జంకుతారు.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవాడు ఫ్రాన్స్ ఆర్టిస్ట్ డేవిడ్ రెవోయ్. 2014లో మొదలుపెట్టిన ‘పెప్పర్ అండ్ క్యారట్’ కామిక్‌లో పాత్రలే కాదు, పేజీలు కూడా క్రియేటివ్ కామన్స్ కింద, అంటే ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతి రాసిచ్చే లైసెన్సు కింద ఇచ్చేశాడు, గీసిన సోర్స్ ఫైళ్లతో సహా. పేరు చెబితే చాలు, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. పదుల భాషల్లోకి వెళ్లింది. అంటే ఒకే బిందె నీళ్లు ఊరందరి ఇళ్లలోనూ ఉన్నాయి. ఒకటి పగిలితే పక్కింట్లో ఉంది.

ఆగస్టు 13 జెన్నీ ఎవ్రీవేర్ డే. గీయాలనిపిస్తే గీయండి. పాత్ర పేరా కింద మీ పేజీల గురించి కూడా ఒక వాక్యం రాయండి, వాటిని ఎవరైనా కాపీ చేసుకోవచ్చో కూడదో.

ఇక ఆ స్కార్ఫ్. కథ నేనే ఊహించాను, అయినా ఎనిమిదో పేజీలో ఏం జరిగిందో నిన్నటి నుంచి అదే ధ్యాస. అలాంటి కామిక్ నిజంగా సగం చదివి ఆగిపోయినవాళ్ల సంగతి మీరే చూసుకోండి. ఉంటాను.