వారంలో తగ్గిన 2 కిలోలు కొవ్వేనా?

(దృశ్యం: పొద్దున్నే ఆర్కే బీచ్, నడకకొచ్చిన జనం. తర్వాత వెయింగ్ మెషీన్ మీద రెండు పాదాలు.)

పెళ్లిచూపులు దగ్గర పడ్డాయనో, "ఒళ్లు చేశావే" అని చుట్టాలెవరో అన్నారనో అమ్మాయిలు నోరు కట్టేసుకుంటారు. జిమ్‌కెళ్లే అబ్బాయిలూ ఇందుకు తక్కువేం కాదు. వారం తిరిగేసరికి 2 కిలోలు తగ్గుతారు. అందులో చాలావరకు నీరే. కాలేయం, కండరాలు కలిసి దాదాపు అరకిలో గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, దాచుకుంటాయి. ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి మానగానే ముందు కరిగిపోయేవి ఈ రెండే. ఒక్కపూట అన్నం తింటే అంకె మళ్లీ పెరుగుతుంది. ఆ భయంతో ఇంకా మానేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే.

(దృశ్యం: అర్ధరాత్రి వంటగది, తెరిచిన ఫ్రిజ్.)

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరైతే వంటపుస్తకాలు పోగేసుకున్నారు. కాబట్టి రాత్రిపూట ఆత్రంగా తినేసే పిల్లను "నోరు అదుపులో లేదు" అని దయచేసి అనకండి. ఆకలితో మాడిన ఒంటి తీరే అది.

నెలసరి ఆగడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, విశాఖ ఉక్కలోనూ చలి వేయడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి గడియ పెట్టుకోవడం గమనించండి. పదేపదే వాంతి చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

(దృశ్యం: పళ్లెం నిండా బిర్యానీ. దాన్ని పక్కకు జరిపే చెయ్యి.)

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి జాలిపడి ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదు. అన్నం లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. ఊపిరి అందకపోవచ్చు, ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. అందుకే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ రక్తపరీక్ష చేసి, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, తిండి కొద్దికొద్దిగా పెంచుతారు.

అంతదాకా రానివాళ్లకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి పెట్టండి. నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచొద్దు. పొద్దున రెండు ఇడ్లీ, సాంబారు, ఒక గుడ్డు చాలు. వెయింగ్ మెషీన్ అటక మీద పెట్టేయండి. ఎన్ని ముద్దలు తిన్నదో లెక్కపెట్టకండి.

(దృశ్యం: తెర మీద 14416.)

ఈ తిండి భయం వదలకపోతే సాయం అడగండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. తిండి ఎప్పట్నుంచి తగ్గింది, బరువెంత పోయింది, వాంతులున్నాయా, నెలసరి ఎప్పుడాగింది అన్నవి ముందే రాసిపెట్టుకోండి. స్పృహ తప్పితే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.